నోరులేని సాక్షి

సూర్యునకు కర్మసాక్షి యని ఒక పేరు కలదు. లోకములో ఎవ్వరేమి చేసినను ఆతడు చూచుచునే యుండునని పెద్దల భావన. కాని సూర్యుడు న్యాయస్థానమునకు వచ్చి సాక్ష్యము చెప్పడు. ఆ పని మనుష్యులే చేయవలెను. మనుష్యుల జ్ఞాపకమో, మిక్కిలి చంచలమైనది.

నాలుగు దారులు కలియు కూడలిలో ఒక కారును ఒక మోటారు సైకిలును ఢీకొన్నవనుకొనుడు. క్షణకాలములో అంతయు ముగియును. పిమ్మట జనము గుమిగూడును. ఎర్రదీపము వెలుగుచుండగనే కారు వచ్చినదని కిళ్లీకొట్టువాడు చెప్పును. కాదు, మోటారు సైకిలే అడ్డముగా దూసుకొనివచ్చినదని బస్సుకొరకు వేచియున్న మరియొకడు చెప్పును. చప్పుడు విని తల త్రిప్పినవాడు సైతము మొదటినుండి చూచినట్లే వర్ణించును. వీరిలో ఎవ్వరును అబద్ధమాడవలెనని తలచినవారు కారు. కంటికిని చెవికిని బెత్తెడే దూరమైనను, చూచినదానికిని విన్నదానికిని గల అంతరము చాల గొప్పది. ఆ తికమకలో నిరపరాధి దోషిగా తేలవచ్చును. గాయపడినవానికి రావలసిన నష్టపరిహారము రాకపోవచ్చును.

ఇట్టి సందర్భములందు ఉపయోగపడు సాధనమే వాహనపు కెమెరా. కారు ముందుటద్దమునకు లోపలివైపున అమర్చుదానిని డాష్‌క్యామ్ అందురు. ద్విచక్రవాహనము నడుపువారు హెల్మెట్టునకు తగిలించుకొనునది హెల్మెట్టు కెమెరా. ఇవి నోరులేని సాక్షులు. ఈ సాక్షి ఎట్లు చూచును, ఎంతవరకు చూచును, దాని సాక్ష్యమును ఎంతవరకు నమ్మవచ్చును అను విషయములు దారిన పోవు ప్రతివారును తెలిసికొనదగినవి.

ఈ కెమెరా నిర్మాణమును గ్రహించుట కష్టము కాదు. ముందు ఒక కటకము. దాని వెనుక, వెలుగును విద్యుత్సంకేతములుగా మార్చు సెన్సారు. ఆ సంకేతములను భద్రపరచు మెమరీ కార్డు. సాధారణముగా ఇది సెకండునకు 30 చిత్రములను తీయును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు వాహనము ఒక సెకండులో దాదాపు 16.7 మీటర్లు సాగును. అనగా ఒక చిత్రమునకును దాని తరువాతి చిత్రమునకును నడుమ ఆ వాహనము సుమారు 55 సెంటీమీటర్లు మాత్రమే కదలును. మానవుడు రెప్పపాటులో పోగొట్టుకొనుదానిని యంత్రము మెట్టుమెట్టుగా దాచియుంచును.

అయితే ఇన్ని చిత్రములను దాచుటకు చోటెక్కడిది? సెకండునకు 15 మెగాబిట్ల చొప్పున లెక్కించినచో గంటకు 6.75 గిగాబైట్ల చోటు కావలెను. 64 గిగాబైట్ల కార్డు తొమ్మిది గంటలకు పైగా మాత్రమే సరిపోవును. అందువలన కెమెరా తన దృశ్యములను కొన్ని నిముషముల నిడివిగల ఖండములుగా వ్రాసికొనును. కార్డు నిండగనే అన్నిటికంటె పాత ఖండమును తుడిచి, దాని చోటున కొత్తదానిని వ్రాయును. ఘటీయంత్రమునందలి కుండలు నిండుచు, ఖాళీయగుచు తిరుగునట్లు ఈ పని ఎడతెగక సాగును.

మరి ప్రమాద సమయమునాటి దృశ్యము సైతము అట్లే తుడిచివేయబడిన ఏమగును? దానికిని ఒక ఉపాయము కలదు. కెమెరాలో యాక్సిలరోమీటరు అను చిన్న పరికరముండును. అది వేగములో కలుగు ఆకస్మికపు మార్పును గుర్తించును. వాహనము దేనినైనను గట్టిగా తాకినపుడు గాని, హఠాత్తుగా ఆగినపుడు గాని ఆ సమయపు ఖండమునకు తాళము వేసినట్లు చేయును. అటుపై దానిమీద మరియొకటి వ్రాయబడదు. అయినను చిన్న తాకిడిని ఈ పరికరము గుర్తింపకపోవచ్చును. కాబట్టి ప్రమాదము జరిగినపిమ్మట కెమెరాను ఆపి, కార్డును వేరుచేసి భద్రపరచుట వివేకవంతుల లక్షణము.

ఎండకూడ ఈ సాక్షికి శత్రువే. రెంటచింతల, రామగుండము వంటి తావులలో వేసవి మధ్యాహ్నమున అద్దములు మూసి నిలిపిన కారు లోపలి వేడి 60 డిగ్రీలను దాటవచ్చును. లిథియము బ్యాటరీ అట్టి వేడికి ఉబ్బి చెడిపోవును. అందుచేత కొన్ని కెమెరాలలో బ్యాటరీకి మారుగా, వేడిని ఎక్కువగా తట్టుకొను కెపాసిటరును అమర్చుదురు.

ఈ పరికరము కొత్తదే గాని, వాహనము ముందు కెమెరానుంచి దారిని చిత్రించుట కొత్త కాదు. 1906 ఏప్రిల్ నెలలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున మైల్స్ సోదరులను చిత్రనిర్మాతలు ఒక ట్రాముబండి ముందుభాగమున కెమెరాను నిలిపి, మార్కెట్ వీధి పొడవునను ఓడరేవువరకు చిత్రించిరి. గుర్రపుబండ్లు, మోటారుకార్లు, సైకిళ్లు, పత్రికలమ్ము బాలురు, ఎట్టి నియమమును లేక వీధి దాటు జనులు అందు కాన్పింతురు. ఏప్రిల్ 18వ తేదీన ఆ నగరమును ఘోరమైన భూకంపము కుదిపివేసెను. వెనువెంటనే చెలరేగిన మంటలలో ఆ వీధిలోని కట్టడములు పెక్కు నాశనమయ్యెను. చిత్రపు మాతృక భూకంపమునకు ముందే రైలులో న్యూయార్కునకు పంపబడియుండుటచే దక్కినది.

ఆ చిత్రము 1905లో తీయబడినదని చాలకాలము తలచుచుండిరి. డేవిడ్ కీన్ అను చలనచిత్ర చరిత్రకారుడు దానిని నిశితముగా పరిశీలించెను. వీధిలో నిలిచిన వాననీటిని చూచెను. ఒక కారుమీది నెంబరును చదివి, అది ఎప్పుడు నమోదైనదో వెదకెను. నాటి పత్రికలను తిరుగవేసెను. భూకంపమునకు కొలది దినములు ముందుగానే ఆ చిత్రము తీయబడినదని ఇట్లు తేల్చెను. చిత్రము తీసినవారు ఆ నీటిగుంటలకొరకు తీయలేదు, ఆ నెంబరుకొరకును తీయలేదు. తాను వెదకని వివరములను సైతము దాచుట కెమెరా యొక్క గుణము.

ఆ చిత్రమే మరియొక పాఠమునుకూడ నేర్పును. అందు మోటారుకార్లు లెక్కకు మిక్కిలిగా కాన్పించును. శ్రద్ధగా చూచినచో కొన్ని కార్లు చుట్టు తిరిగి వచ్చి, మరల మరల కెమెరా ఎదుట పోవుట తెలియును. నగరములో కార్లు విరివిగా ఉన్నవని మొదట చూచినవాడు మోసపోవును. యంత్రము అబద్ధమాడలేదు, దాని ఎదుట జరిగినది మాత్రము సహజము కాదు. సాక్ష్యమును వినుట వేరు, విచారించుట వేరు.

సాక్ష్యమును ఎట్లు విచారింపవలెనో రష్యాలో జరిగిన ఒక అద్భుత సంఘటన చక్కగా తెలుపును. ఆ దేశమున కార్ల యజమానులు పెక్కుమంది కెమెరాలు అమర్చుకొనియుండిరి. భీమాధనమునకై కావలెనని కార్లకు అడ్డుపడు మోసగాండ్రనుండి తమను కాపాడుకొనుట దీనికొక కారణము. 2013 ఫిబ్రవరి 15వ తేదీ ఉదయము తొమ్మిది గంటలు దాటిన పిమ్మట, యూరల్ పర్వత ప్రాంతమునందలి చెల్యాబిన్స్క్ నగరపు ఆకాశమున సూర్యునికంటె మిన్నగా వెలుగుచు ఒక అగ్నిగోళము దూసుకొనిపోయెను. అది సుమారు 20 మీటర్ల వ్యాసముగల ఉల్క. సెకండునకు 19 కిలోమీటర్ల వేగముతో వాతావరణమున ప్రవేశించి, దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తున ప్రేలిపోయెను. వెలుగును చూచి జనులు కిటికీలకడకు పరుగెత్తిరి. రెండు నిముషములు దాటిన తరువాత ప్రేలుడు తరంగము నేలను చేరెను. అద్దములు పగిలి దాదాపు 1,500 మంది గాయపడిరి.

పనులకు పోవుచున్న వారి కారు కెమెరాలును, వీధికెమెరాలును ఈ దృశ్యమును పట్టుకొనెను. ఉల్కకొరకు ఆనాడు ఎవ్వరును వేచియుండలేదు. అయినను అంత పెద్ద ఉల్కాపాతము అన్ని తావులనుండి చిత్రింపబడుట మునుపెన్నడును జరుగలేదు. శాస్త్రజ్ఞులు ఆ చిత్రములను సేకరించిరి. ఒక్క కెమెరానుబట్టి ఉల్క ఏ దిక్కున ఉన్నదో మాత్రమే తెలియును. ఎంత దూరమున ఉన్నదో తెలియదు. వేర్వేరు తావులందలి రెండు మూడు కెమెరాలు చూపు దిక్కులను రేఖలుగా గీచినచో, ఆ రేఖలు కలియుచోట ఉల్క స్థానము దొరకును. దీపస్తంభముల నీడలను కొలిచి కొందరు దాని మార్గమును లెక్కించిరి. మరికొందరు చిత్రములు తీయబడిన తావులకే స్వయముగా పోయి, రాత్రివేళ అచ్చటినుండి నక్షత్రములను ఫోటో తీసి, వాటితో సరిపోల్చి కోణములను సవరించిరి. దాని పూర్వమార్గము కుజ గురు గ్రహముల నడుమనున్న లఘుగ్రహమండలమువరకు పోవుచున్నదని తేలెను. ఆ యేడు అక్టోబరులో చెబర్కుల్ సరస్సు అడుగునుండి 500 కిలోగ్రాములకు మించిన ఉల్కాశకలమును వెలికి తీసిరి.

ఇట్లు కొన్ని సామాన్యమైన కారు కెమెరాలు ఖగోళశాస్త్రమునకు సాధనములయ్యెను. కాని అవి తమంత తాము సాధనములు కాలేదు. ఎచ్చట, ఎప్పుడు, ఏ దిక్కుగా అను మూడు ప్రశ్నలకు సమాధానము దొరకినపిమ్మటనే వాటి సాక్ష్యము నిలిచెను. కూడలిలోని చిన్న ప్రమాదమునకును ఇదే నియమము వర్తించును.

వేగమును నిర్ణయించు పద్ధతిని చూడుడు. దారి ప్రక్కన రెండు స్తంభములు 30 మీటర్ల ఎడముగా ఉన్నవనుకొనుడు. మొదటి స్తంభమును దాటినది మొదలు రెండవదానిని దాటువరకు 45 చిత్రములు పడినవి. సెకండునకు 30 చిత్రములు కనుక పట్టిన కాలము ఒకటిన్నర సెకండు. ఆ లెక్కన వాహనపు వేగము సెకండునకు 20 మీటర్లు, అనగా గంటకు 72 కిలోమీటర్లు. నేను మెల్లగానే వచ్చితినని యజమాని ఎంతగా వాదించినను ఈ లెక్క మారదు. ఎదుటివాని తప్పును చూపుటకై తెచ్చిన చిత్రము తన తప్పునుకూడ చూపును. ఈ సాక్షికి యజమానియందు పక్షపాతము లేదు.

న్యాయస్థానములు ఇట్టి చిత్రములను స్వీకరించుటకు నియమములు కలవు. యంత్రమునుండి తీసిన నకలును దాఖలు చేయునపుడు, అది ఏ పరికరమునుండి ఎట్లు తీయబడినదో తెలుపు ధ్రువపత్రము తప్పక ఉండవలెనని భారత సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమముకూడ 63వ విభాగములో ఇట్టి ధ్రువపత్రమును కోరుచున్నది. కొంత భాగమును కత్తిరించి, అనుకూలమైన కొన్ని సెకండ్లను మాత్రము చూపుట న్యాయమునకు చాలదు. కాన మూలమైన కార్డును మార్పు చేయక దాచుటయు, కెమెరా గడియారమును సరియైన కాలమునకు త్రిప్పియుంచుటయు అవసరము. ఒక్క గంట తప్పుగా తిరుగు గడియారము మంచి సాక్ష్యమును సైతము అనుమానముపాలు చేయును.

ఈ సాక్షి కన్నునకు హద్దులు కలవు. ముందు అమర్చిన కెమెరాకు ప్రక్కనుండి వచ్చునది తెలియదు. వెనుకనుండి తాకినది తెలియదు. ఎక్కువ వెడల్పును చూపు కటకము దూరపు వస్తువులను మరింత చిన్నవిగా చూపును. అందుచేత ఎదుటి వాహనము ఉన్నదానికంటె దూరమున ఉన్నట్లు తోచును. రాత్రివేళ ఎదుటి దీపముల కాంతికి నెంబరు పలక తెల్లగా వెలిసిపోవును. వానలో అద్దముపై జారు నీరు దృశ్యమును చెరచును. ఏనుగు తొండమును మాత్రము తడవి, ఏనుగనగా రోకలివంటిదని నిశ్చయించినట్లు, ఒక్క కెమెరా చూపిన భాగమే సర్వమని తలచుట పొరపాటు. టైర్ల గుర్తులు, వాహనములకు తగిలిన దెబ్బలు, చూచినవారి మాటలు అన్నిటిని కలిపి విచారింపవలెను.

హెల్మెట్టు కెమెరాకు ఒక ప్రత్యేకత కలదు. కారు కెమెరా కారుతో పాటు తిరుగును. హెల్మెట్టు కెమెరా తలతో పాటు తిరుగును. మలుపు తిరుగకముందు చోదకుడు ప్రక్కకు చూచెనా లేదా అను సంగతి దానివలన తెలియును. బ్రిటనులో సైకిలు నడుపువారు పెక్కుమంది వీనిని ధరింతురు. తమను రాచుకొనునంత దగ్గరగా దాటిపోయిన కార్ల చిత్రములను వారు పోలీసులకు పంపుదురు. వేల్సు ప్రాంతపు పోలీసులు అట్టి చిత్రములను ప్రజలనుండి స్వీకరించుటకు ఒక ప్రత్యేక పథకమునే నడుపుచున్నారు.

అయితే హెల్మెట్టు ముఖ్యప్రయోజనము తలను కాపాడుట. దాని పైచిప్ప నున్నగా, గుండ్రముగా ఉండుటకు కారణము కలదు. పడినపుడు అది నేలపై జారును; దెబ్బను ఒక్కచోట నిలువనీయక విస్తరింపజేయును. దానిపై గట్టిగా బిగించిన కెమెరా నేలకు తట్టుకొనినచో తల మెలిపడు ప్రమాదము కలదు. చిప్పకు రంధ్రము చేసి మర బిగించుట మరింత హానికరము. ఈ భయముచేతనే కేరళ రాష్ట్రపు మోటారు వాహనముల శాఖ 2022లో హెల్మెట్టుపై కెమెరా అమర్చుటను నిషేధించెను. కెమెరాను వాహనముమీదనే, చేతిపిడి దాపున అమర్చుకొనుట మేలైన మార్గము.

దేహమునకే గాక బుద్ధికిని ఒక అపాయము కలదు. కెమెరా తన్ను చూచుచున్నదని తెలిసినపుడు కొందరు జాగ్రత్తపడుదురు, మరికొందరు విజృంభింతురు. తమ వేగమును నలుగురికి చూపి మెప్పు పొందవలెనని సన్నని సందులగుండ దూసుకొనిపోవుదురు. రక్షణకొరకు కొన్న పరికరము వారిచేతిలో ప్రాణాంతకమగును. సాక్షికొరకు నేరము చేయుటకంటె అవివేకము వేరొకటి లేదు.

దారిన పోవు పరుల సంగతికూడ తలపవలెను. కెమెరా ఎదుట నడచు బాలురు, గుడికి పోవు వృద్ధులు, ఇంటిముంగిట కూర్చున్న స్త్రీలు తమ్ము చిత్రింపుమని కోరలేదు. జర్మనీ దేశపు ఉన్నత న్యాయస్థానము 2018 మే 15వ తేదీన ఈ చిక్కును విచారించెను. ఎడమకు తిరుగుచు రెండు కార్లు ఒరసికొనిన వ్యాజ్యమది. దారి పొడవునను ఎడతెగక చిత్రించుచు దాచుకొనుట వ్యక్తుల గోప్యతకు సంబంధించిన చట్టమునకు విరుద్ధమని న్యాయమూర్తులు చెప్పిరి. అయినను ప్రమాదమునుగూర్చిన సత్యమును తెలిసికొనుటకు ఆ చిత్రమును సాక్ష్యముగా చూడవచ్చునని తీర్పునిచ్చిరి. చిత్రము న్యాయాధికారికడకు చేరుట ధర్మము. గాయపడినవాని దుఃఖమును వినోదముగా లోకమునకు చూపుట ధర్మము కాదు.

మరల ఆ కూడలికి పోయి చూడుడు. మోటారు సైకిలు నడిపినవాడు నేలపై పడియున్నాడు. చుట్టు చేరినవారిలో కొందరు సెల్ఫోను ఎత్తి చిత్రించుచున్నారు. కారులోని కెమెరా తన పనిని అప్పటికే చేసియున్నది. ఆ క్షణమున మరియొక చిత్రము అవసరము లేదు. గాయపడినవానిని దగ్గరలోని వైద్యునికడకు చేర్చుట చోదకుని విధియని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 134వ విభాగములో చెప్పుచున్నది. సాయము చేయ వచ్చిన పరులకు చిక్కులు కలుగకుండ 2019లో చేసిన సవరణ రక్షణ నిచ్చుచున్నది. కాబట్టి 108కి ఫోను చేయవలెను. రాకపోకలు సాగు దారిలో మరియొక ప్రమాదము జరుగకుండ చూడవలెను. అంబులెన్సు వచ్చువరకు ఆ మనుష్యుని ప్రక్కన ఉండవలెను. కార్డును వేరుచేసి పోలీసులకు అప్పగించుట ఆ తరువాతి పని.

నోరులేని సాక్షి జరిగినదానిని చూపగలదు గాని జరుగబోవుదానిని ఆపలేదు. ఎర్రదీపమువద్ద ఆగవలసినవాడు, పాదచారికి దారి ఇయ్యవలసినవాడు, చక్రము పట్టిన మనుష్యుడే. వాడు తన పనిని సరిగా చేసిన నాడు, కెమెరా ఉదయమున వ్రాసికొనినదంతయు సాయంకాలమునకు తుడిచివేయబడును. ఎవ్వరును దానిని చూడవలసిన పనియే ఉండదు.